పచ్చ తీగ

కొర్లగుంట, రెండో వీధి.
గీజరుకు కొత్త పాయింటు.
పచ్చ తీగ జానెడు తక్కువొచ్చింది.

"మెలేసి టేపు చుట్టేద్దామా?" అంటిని.
ఏకాంబరం మేస్త్రీ నా వైపు చూడలేదు.
మెయిను దించి, ఫ్యూజు పీకి
జేబులో వేసుకున్నాడు, బీరువా తాళం మాదిరి.

"ఫేజు తెగితే లైటు ఆరిపోయి చెప్తాది.
ఇది తెగితే ఎవురికీ చెప్పదు.
అన్నీ బాగానే వెలగతా ఉంటాయి,
ఎవురో తడిచేత్తో కొళాయి పట్టుకునేదాకా."

అంతే లావు తీగ తెచ్చినాడు.
రాగి గొట్టంలో రెండు కొసలూ దూర్చి, క్రింపరుతో నొక్కి,
బలంగా గుంజి చూసి,
పచ్చ స్లీవు తొడిగి,
మూత తీస్తే కనపడే పెట్టెలోనే ఉంచినాడు.

ఆనక వంటింటి పాత పెట్టె విప్పినాడు.
లోపల ఎండి పెళుసెక్కిన టేపు.
దాని కింద వదులైన మెలిక,
ఎడమచేత్తో తిప్పిన మెలిక.

మేస్త్రీది ఎడమచేతి వాటం.

చాలాసేపు స్టూలు మీదే నిలబడినాడు.
దాన్ని కత్తిరించి
ఆ ముక్క కూడా జేబులో వేసుకున్నాడు.

పోతా పోతా పెరట్లో ఎర్తు గుంతకు
రెండు బిందెలు పోయించినాడు.
ఉప్పూ బొగ్గూ గుటగుటా తాగినాయి.
కూలెంతని మంగతాయారమ్మ అడిగితే
"గీజరు పాయింటుకు మాత్రం ఇయ్యమ్మా" అన్నాడు.