మైనస్ నాలుగు

కాయానీ రింకులో
హాకీ కుర్రాళ్లు వెళ్లిపోయాక
బూటు మడమతో తట్టి చూశాను.
గాజు మోత.
"అరగంట ఆగు హిల్లా, మంచు ఇంకా మొండికేసి ఉంది."

పదమూడేళ్లకి అరగంటంటే ఏడాది.

బ్లేడు ముందుపళ్లు కరవబోతే
పెచ్చు లేచింది.
రెండో చుట్టు తిరగకముందే
మంచు ఎదురొచ్చింది.

ఎముక విరగలేదట. చీలమండ మాత్రం
రొట్టెలా పొంగింది.

మెత్తనైతే వేగం తింటుంది,
గట్టిదైతే కాలు.
ముప్పయ్యేళ్లుగా ఈ రెంటి మధ్యే నా జీతం.

రాత్రి మీట తిప్పి
మైనస్ ఏడుని నాలుక్కి తెచ్చాను.
ఆ గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని
తడిమంచు కూరి
అరచేత్తో అదిమాను,
వేళ్లు నావి కాకుండా పోయేదాకా.

మూడోవారం కుంటుతూ వచ్చింది.
పడ్డచోటు వెతుక్కుంది.
నేను చూపించలేదు.