తొమ్మిదో టేకు

బల్ల తిరగబడే సీను కాబట్టి
తొమ్మిది జతల పింగాణీ గిన్నెలు తెప్పించాను.
నా పేరు ప్యో తెక్సు. ఈ సీరియల్లో
ఏది పగిలినా, ఒలికినా, చిరిగినా
నా ఖాతాలోకే వస్తుంది.

ఇంచియోన్ శివారు. ఒకప్పుడు చేపలు దాచిన మంచుగిడ్డంగి.
ఇప్పుడు అందులో సోయా సాస్ షావుకారి ఇల్లు,
మూడు గోడల ఇల్లు.
నాలుగో గోడ ఉండాల్సిన చోట మేము, దుప్పట్లు కప్పుకుని.

కథ మీకు తెలిసిందే. తండ్రి పోయాడు.
పెద్దవాడు కాంగ్ముక్‌కి జాడీల లెక్క తెలుసు.
చిన్నవాడు దోవాన్‌కి జాడీలోని రుచి తెలుసు.
తద్దినం నాడు మొదటి గిన్నెలో సారా ఎవరు పోయాలో
పదహారు వారాలుగా తేలడం లేదు.
తేలితే మాకు జీతాలుండవు.

"కట్" అంటాడు దర్శకుడు.
"కోపం పళ్ళలో కనిపిస్తోంది. మెడలో కనిపించాలి."
నేను మోకాళ్ళ మీద పాకుతూ వెళతాను.
మెతుకులు ఏరుతాను. ఎండుచేప తోకకి జిగురు రాస్తాను.
తల్లి వేషం వేసే ఆవిడ, ప్రతిసారీ ఎడమ మోకాలు కాపాడుకుంటూ
కూలబడే ఆవిడ, లేచి చీర్లగుడ్డ దులుపుకుంటుంది.
మళ్ళీ పరుస్తాను బల్ల:
ఎర్రటివి తూర్పున, తెల్లటివి పడమట,
చేప తల పొద్దు పొడిచే వైపు.
గిడ్డంగిలో పొద్దెక్కడిది?
పెద్ద దీపం ఉన్న వైపే తూర్పు అనుకుంటాను.

ఈ వరస పుస్తకంలో నేర్చింది కాదు.
సొక్చోలో, నాన్న పోయిన మొదటి ఏడు,
బేరిపండుని ఎర్ర రేగుపళ్ళ పక్కన పెట్టానని
అన్న చెంచాతో నా వేలికణుపు మీద కొట్టాడు.
దెబ్బ గుర్తులేదు. గొంతు గుర్తుంది.
అప్పటికే నాన్న గొంతు తొడుక్కున్నాడు,
ఆయన రబ్బరు బూట్లు తొడుక్కున్నట్టే,
కాస్త వదులుగా.

ఆ తర్వాత స్క్విడ్ పడవ.
నేను సైన్యంలో ఉండగా అమ్మేశాడు.
అప్పులన్నాడు. కాగితాలు చూపించలేదు.
చూపించమని నేనూ అడగలేదు,
నిజంగానే అప్పులుంటాయేమోనని భయపడి.
ఇరవై రెండేళ్ళు.

నాలుగో టేకు. ఆరో టేకు.
మధ్యలో, అన్న వేషం వేసినతను
తమ్ముడి జుట్టులోంచి మెతుకులు తీస్తున్నాడు,
పేలు చూసినట్టు, ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడుతూ.
తమ్ముడు తన జేబులోని వేడిసంచి తీసి
అడగకుండానే అతని మెడ వెనక పెట్టాడు.
నేను గిన్నెలు లెక్కపెట్టుకున్నాను.
ఇంతకుముందే లెక్కపెట్టినవి.

ఎనిమిది జతలూ పోయాయి.
అన్ని టేకులూ దాటి వచ్చింది ఒక్క బేరిపండే,
ఎనిమిది సార్లు నేల మీద దొర్లి, ఒక చెంప నల్లబడి.
కమిలిన వైపు గోడకి తిప్పాను.
తిప్పి, తూర్పున పెట్టాను. రేగుపళ్ళ పక్కన.
పొరపాటని చెప్పను. కావాలనే అనీ చెప్పను.

దర్శకుడు చూడలేదు.
ఆచారాల సలహాదారు కుర్చీలో గురకపెడుతున్నాడు.
కాంగ్ముక్ మెడ నరం ఉబ్బింది.
"ఓకే."

శనివారం రాత్రి ప్రసారమైంది.
బల్ల గాల్లోకి లేవడం రెండు క్షణాలు.
దానికి ముందు తెర నిండా ఆ పండు, అంతకన్నా తక్కువ.
ఆఖర్న పేర్లు పరుగెత్తే చోట నాదీ ఒకటి,
వ్యాను డ్రైవరు పేరుకి పైన.

ఫోను మోగింది. సొక్చో నంబరు.
తీశాను. కాసేపు ఊపిరి మాత్రం.
"బేరి పడమట ఉండాలి" అన్నాడు.
"దీపం అటు ఉంది" అన్నాను.
"దీపంతో చూస్తారట్రా దిక్కులు?
నాన్న పటం ఎటుంటే అటే ఉత్తరం."
దగ్గాడు. ముసలి దగ్గు.

తర్వాత ఇద్దరం ఏమీ అనలేదు. పెట్టేయనూ లేదు.
నా గదిలో నూడుల్స్ ప్రకటన వస్తోంది.
అందులో పిల్లాడు గట్టిగా నవ్వాడు.
అరక్షణం ఆగి,
సొక్చోలో కూడా.