ఉండలు కట్టిన పరుపు

రాయచోటిలో మా నాయన దూదేకేవాడు.
పాత పరుపు ఇంటికొస్తే ముందు చేత్తో తడిమేవాడు.
"ఈయప్ప ఎడంపక్కే పండుకుంటాడు" అని
మనిషిని చూడకుండానే చెప్పేవాడు.

నన్ను తడిమింటే ఏమనేవాడో.
ఇరవై ఆరేండ్లు కువైటులో స్టీరింగు ముందర,
కుడిపాదం ఒక్కటే బతికిన మనిషిని.
స్కూలు గేటు, జమియా, మాదామ్ వాళ్ళక్క ఇల్లు, ఎయిర్‌పోర్టు.
దేశమంతా తిరిగినాను,
నేను మాత్రం కదల్లేదు.

చక్కెరుందని డాక్టరు చెప్పినప్పుడు కూడా నొచ్చుకోలేదు.
మసీదులో సజ్దా నుంచి లేవబోయి
పక్కాయన భుజం పట్టుకున్నా చూడు, అప్పుడు.
మరుసటి శుక్రవారం ఎవరో
నా వెనకాల ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టినారు.
మర్యాదే.
యాభై ఎనిమిదికి అంత మర్యాద మింగుడుపడలేదు.

సైకిలు మా బాబా చిన్నకొడుకుది.
రెండేండ్లుగా ఏసీ డబ్బాల వెనక తుప్పు తాగుతా ఉంది.
"తీసుకుపో మౌలాలి" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.
గొలుసుకు నూనె, ట్యూబులకు గాలి, సీటు జానెడు పైకి.
మొదటిరోజు సముద్రం దాకా పోనేలేదు.
బకాలా మలుపులోనే ఊపిరి తెగింది.
బంగాళీ పిల్లోడు నీళ్ళసీసా ఇచ్చి
డబ్బులు తీసుకోలేదు. అదీ నొచ్చింది.

తెల్లారుజామున మూడున్నరకు
ఎగైలా నుంచి ఫింతాస్ గట్టు దాకా.
అప్పటికే గాలి, పొయ్యి మీంచి దించిన గిన్నె పక్కన నిలబడినట్టు.
దీపాల కింద ఎవరూ ఉండరు,
పిల్లులూ నేనూ.
బాగా తొక్కినప్పుడు చక్రంలోంచి ఒక చప్పుడొస్తుంది, ఝుం ఝుం అని.
నాయన కొయ్యతో నారిని మీటినట్టు.

మూడు నెలలు సైకిలొక్కటే.
తొడలు రాయైనాయి, నడుము అట్లే ఉండాది.
పక్కింటి ముసలమ్మను చూసుకునే కోనసీమ సువార్తమ్మ
ఫిజియో చెప్పేవన్నీ గోడవారన నిలబడి నేర్చుకుంది.
"ఒక్క పనే చేత్తే ఒక్క కండే వింటాదండి మౌలాలన్నా,
బరువులెత్తండి, మెట్లెక్కండి, ఒంటికాలి మీద నిలబడండి" అంది.

నాయన గుర్తొచ్చినాడు.
ఒక్కతీరు దెబ్బ ఎప్పుడూ కొట్టలేదాయన.
గట్టి ఉండకు గట్టిది,
పలచని చోట నారి తాకీతాకకుండా,
మూలల్లో వేళ్ళతో విప్పి విప్పి.

ఇప్పుడు సైకిలు తీయని రోజు నీళ్ళక్యాన్లు మోస్తాను,
గేటు నుంచి వంటింటికి, వంటింటి నుంచి మళ్ళీ గేటుకు, ఊరికే.
వంటామె సిలోను మనిషి, నాకు పిచ్చి పట్టిందంటుంది.
తౌజు లేచి ఆకాశం ఇటుకపొడైతే
డాబా దాకా మెట్లు, పదిసార్లు.
జమియా ముందర మాదామ్ కోసం ఆగినప్పుడు
కారు చాటున గుంజీళ్ళు.
ఐదో తరగతిలో ఎక్కం రాక తీసినవి ఇరవై.
ఇప్పుడు ఏ అయ్యవారూ అడక్కుండానే ముప్పై.
ఒంటికాలి మీద నిలబడి సాక్సు తొడుక్కోవడం ఇంకా రాలేదు.
గోడ తాకుతాను.
తాకినట్టు లెక్కెయ్యను.

పడినాను కూడా.
అబూ హలీఫా దగ్గర ఇసకలో జారి మోచేతి తోలు లేచింది.
చక్కెర తగ్గింది, పోలేదు.
చలికాలం ఎడమ మోకాలు నాకంటే ముందు లేచి మాట్లాడుతుంది.

నిన్న శుక్రవారం.
సజ్దా నుంచి లేచినాను.
అరచేతులు నేలనొదిలేసినాయి,
ఏ భుజమూ అందుకోలేదు.
నమాజయినాక తిరిగి చూస్తే
కుర్చీ నా వెనకాలే ఉంది, ఓపిగ్గా.
ఎప్పటికైనా దానికి దొరుకుతాను, తెలుసు.
కొంచెం తిప్పలు పెట్టి దొరుకుతాను.

ఎత్తి, మూలనున్న దొంతి మీద పెట్టినాను,
నడుము వంచకుండా, మోకాళ్ళు వంచి,
సువార్తమ్మ చెప్పినట్టే.