ఛార్జిలో రాయనివి

ఎర్ర జెండాలు రెండు, పచ్చది ఒకటి,
చేతి లాంతరు, మంచు పట్టిన రాత్రి పట్టా మీద పెట్టే పటాకులు పది.
లెక్క చూసుకొని సంతకం పెట్టు తమ్మీ.
పరీక్ష రాసి వచ్చినోనివి,
రూల్సు నాకన్న నీకే ఎక్కువ ఎరుక.
ఓదెల దాటినంక ఈ గేటు కాడ
ఇరవై రెండేండ్లు చేసిన.
రిజిస్టరుకు ఎక్కనివి కొన్నున్నయి,
చాయ్ తాగుకుంట విను.

ఆరు కుక్కలు.
కుంటిది పత్తి మిల్లు కాడిది,
దానికి పట్టాలంటే వణుకు. దాని రంది లేదు.
భయమున్నదాని రంది నాకెప్పుడూ లేదు.

తక్కినయి పార్సిళ్ల కోసం వస్తయి.
పొద్దుగాల బండిల జనం
తినేది తిని కిటికీల కెల్లి ఇసురుతరు.
కోడి బొక్కలు, పులిసిన అన్నం, సగం కొరికిన పూరి,
కవరు కవరే కంకర మీద పల్గుతది.
కుక్కకేమెరుక అది ఏ లైనో?
దానికి అది పరిచిన ఇస్తరాకు.
బండి పోంగనే నువ్వు బకీటు పట్టుకొని పో.
అంతా ఏరుకొచ్చి గుడిసె ఎనుక
నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టు.
వారం పెడితే అటు మర్లుతయి.
ఎనిమిదో రోజు బద్ధకమైతే
మళ్ల కంకర మీదికే.

అప్పట్ల గూడ్సులకు డీజిలు ఇంజన్లుండె.
రామగుండం బొగ్గు బయలెల్లి వస్తుంటే
ఇంకా కనబడకముందే మన్ను వణికేది.
కుక్కలు కడుపుతోటి వినేటియి,
ఎవ్వలు అదిలించకముందే లేచి కట్ట దిగేటియి.
ఇప్పుడంతా కరంటు.
గాలి మీద గాలి లెక్క వస్తది,
వచ్చినంక సప్పుడైతది.
దానికి తోడు మూడో లైను పడ్డది.
ముసలి కుక్కలకు రెండే లెక్క.
రెండూ దాటి, అయిపోయిందనుకొని
నిలబడి తోక ఊపుతయి
మూడోదాని నడిమిట్ల.

సకినం సంగతి చెప్పలే కదా.
తోక చుట్ట మీద చుట్ట,
బియ్యప్పిండితోటి చుట్టి బట్ట మీద ఆరేసినట్టు.
ట్రాక్ పనికొచ్చే లచ్చుబాయి పెట్టింది ఆ పేరు.
ఆ పొద్దు అవుతల మక్క చేన్ల
ఎలుక బొక్క తవ్వుతున్నది.
నేను ఇవుతల.
గేటు ఏసే ఉన్నది, నేనే ఏసిన.
ట్రాక్టరును ఆపిన. బర్రెలను ఆపిన.
గేటు కింద సైకిలు దూరిచ్చిన పిలగాన్ని
వాని తాత దాకా తిట్టిన.
చేతిల అన్నం గిన్నె.
నోరు ఊకోలే.

సకినం, అన్న.

గంతే.

పేరు ఇంటే వచ్చేదే కుక్క.
సిగ్నల్ చూడదు, బండిని చూడదు,
పిలిచినోని మొఖమే చూస్తది.
చివరిదాకా నా మొఖమే చూసింది.
దాని తప్పేం లేదని రాద్దామంటే
రిజిస్టరుల అసువంటి గడి లేదు.
గేటు నంబరు, బండి నంబరు, టైము. అన్నీ కరెక్టే.

అందుకే, పట్టాలవుతల ఉన్నదాన్ని
పేరు పెట్టి పిలువకు తమ్మీ.
ఆన పడ్డా సరే, అన్నం సల్లారినా సరే.
గేటు లేపినంక
మూడో లైను గూడ చూసుకొని
గిన్నె నువ్వే మోసుకపో.
నవ్వుతరు, గేటుమ్యాను కుక్కలకు వడ్డిస్తుండని.
నవ్వనియ్యి. నన్ను చాన ఏండ్లు నవ్విండ్రు.

ఫోను మోగుతున్నది.
నన్ను చూస్తవేంది, ఎత్తు.
ఇప్పుడు గేటు నీది.

ఆ నల్ల పిల్లకు నేను పేరు పెట్టలే,
చేతగాక.
నువ్వు పెడ్తవో పెట్టవో నీ ఇష్టం.
పెడితే మాత్రం
అది కాళ్ల కాడికి వచ్చినంకనే
మెల్లగ అను.