నాలుగు ఇత్తడి చుక్కలు

మిర్యాలగూడల
యాసంగి వడ్లు మిల్లులకెక్కినయంటే
నా దుకాణానికి గిరాకి మొదలు.
ఊక సన్నగ లేచి
తువ్వాలలు దాటి, జేబులు దాటి,
ఫోను అడుగున ఉండే ఆ చిన్న నోట్లెకు పోతది.

"చార్జింగ్ ఎక్కుతలేదు" అంటరు.
పిన్నీసుతోని గెలికి తెచ్చేటోళ్లు కొందరు,
ఉఫ్ ఉఫ్‌మని ఊది, ఎంగిలి తడితోని తెచ్చేటోళ్లు కొందరు.
కాయితం ముక్క మడిచి ఇరికించి
వైరును ఒక దిక్కు వంచి పట్టుకొని
తెల్లందాక నిద్రబోనోళ్లు గూడ ఉన్నరు.

పర్వతాలు మాత్రం ఏం చెప్పడు.
రుమాల్ల కెళ్లి ఫోను తీసి
బల్ల మీద బోర్లా పెడతడు,
జరమొచ్చిన పిలగాన్ని పండబెట్టినట్టు.

ఒక్క సీజన్ల మూడుసార్లు పిన్ను మార్చిన.
మూడు నూటయాభైలు.
సోల్డరింగ్ పొగ ఆయనకు అలవాటైంది,
ఆయన అంగీల తవుడు వాసన నాకు.

మూడోసారి
స్పీకరు పలుకుతుందా లేదా అని ఏదో ఒకటి నొక్కిన.
ఆయన గొంతే వచ్చింది.

"సోమారం. నూట ఎనభై రెండు."
ఎగపోత.
"మంగళారం. రెండొందల పదకొండు. అండ్ల ఇరవై పెద్ద సంచులు."
ఎగపోత. దగ్గు.
"బుధారం పోలే. నడుం వట్టింది."

రాయరాదు ఆయనకు.
గుమస్తా రాసుకునే పొడుగు పుస్తకానికి ఎదురుగ
ఈ గొంతొక్కటే ఆయన పుస్తకం.
చప్పున ఆపేసిన.
ఒకని ముల్లె వానికి తెలవకుంట విప్పినట్టయింది.
పిన్ను పోవుడంటే ఏం పోవుడో
అప్పటిదాక నాకు ఎరికలేదు,
పదకొండేండ్ల సంది పిన్నులే మారుస్తున్న గని.

పోయిన నెల కోఠి నుంచి కొత్త కవర్లు తెచ్చిన.
నల్లగ, మందంగ, మూలలకు రబ్బరు.
దాని పిన్ను దానికే ఉంటది.
ఒక్కసారి ఫోన్ల గుచ్చి మూసినమంటే
మళ్ల ఫోను నోరు తెరిచే పని లేదు.
బయట నాలుగు ఇత్తడి చుక్కలు,
చార్జరు తొట్టెల పండబెడితే చాలు, అదే తాగుతది.
ఊక పడితే అంగీ కొసతోని తుడుసుడే.

"ఆరువందల యాభై" అన్న.
ఆయన పెదవులు కదిలినయి.
"నూట ముప్పై సంచులు" అన్నడు.
సంచికి ఐదు లెక్కన.

కవరును అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
ఇత్తడి చుక్కలను బొటనవేలుతోని రాసి చూసిండు.
"అంటే, అరిగేది ఇది. లోపలిది అరగదు. అంతేనా?"
అంతే అన్న.
వెనుకకు తిరిగి అంగీ కాలరు కిందికి గుంజిండు.
మెడకు, భుజానికి నడుమ
అరచేయంత మేర
నున్నగ, గట్టిగ, చమురు పెట్టిన కట్టె లెక్క.
"నాదిగో ఇది. ఇరవయేండ్లాయె, మార్చలే."
ఆయనే నవ్విండు.
నాకు నవ్వాల్నో వద్దో తెలువలే.

ఓ యాభై తగ్గించిన. అంతకు మించి తగ్గియ్యలే,
అబద్ధమెందుకు.
పది సంచులు మిగిలినయి ఆయనకు.

ఆ నెలల పదహారు కవర్లు అమ్మిన.
సోల్డరింగ్ పుల్ల చాలా రోజులు సల్లగనే ఉంది.
నా నోటికాడి బువ్వకు నేనే మూతపెట్టుకున్న అని
మా ఇంటామె అంటది. నిజమే అంటది.

నిన్న పర్వతాలు వచ్చిండు,
రిపేరుకు కాదు, ఊకెనే.
కవరు నిండ గీతలు.
చుక్కలల్ల ఒకటి వెలిసి తెల్లబడ్డది.
ఎగిలిపోయిన మూలకు సైకిల్ ట్యూబు ముక్క అంటించుకుండు.

"లెక్క అయ్యిందా?" అన్న.
"అయితున్నది" అన్నడు.
గుమస్తా పుస్తకంల అరవై ఆరు సంచులు తక్కువున్నయంట.
పుస్తకం పక్కన ఫోను పెట్టిండంట,
సౌండు మొత్తం పెంచి.
ముందుకు జరపనియ్యలేదంట,
దగ్గుతో సహా వినాలె అన్నడంట.

"విన్నడా మరి?"

"రెండో వారం దాక వచ్చిండు.
మిగిలింది రేపు వింటనన్నడు."
ఫోను తీసి, అద్దం తుడిచి, నా దిక్కు చూపిండు.
"చార్జింగ్ ఉన్నది."