దీపం పట్టినవాడు

కారు నాది కాదు, రోడాది.
పందొమ్మిది వందల డెబ్బై నాటి షెవెల్.
మా పెళ్ళికి మూడేళ్ళ ముందే కొనుక్కుంది.
అందుకే దాని గురించి నన్నేమీ అడగదు,
గుంతల గురించి తప్ప.

జనవరిలో వంటింటి బల్ల మీద మూడు కేటలాగులు.
బయట మాన్స్‌ఫీల్డ్ వీధుల్లో మంచు మీద ఉప్పు చల్లుతూ లారీ.
ఎర్రెర్రటి పాలీయురెథేన్ బుష్‌ల పేజీ దగ్గర నేనాగాను.
"పైన పటారం. తడిస్తే కీచుమంటాయి" అని తిప్పేసింది.
రేసుల వాళ్ళ కాయిలోవర్ల పేజీని
ధర చూసి నేనే తిప్పేశాను.
ముప్పై ఏళ్ళు బడి బస్సుల కింద వెల్లకిలా పడుకున్న మనిషి
చెవి మీంచి పెన్సిల్ తీసి అడిగింది:
"ఎల్మ్ వీధి చివర, మార్చి నెలలో, ఎలా ఉంటుంది?"

ఉత్తరాల సంచీతో ఇరవై తొమ్మిదేళ్ళు నడిచినవాణ్ణి.
చెప్పాను.
చర్చి ముందు చీలమండ లోతు,
రైలు పట్టాల దగ్గర మోకాలు మర్చిపోలేనంత.
విని రాసుకుంది:
పై ఆర్మ్‌లు కొత్తవి, గొట్టాలవి.
కిందివి పాతవే, తుప్పు గీకి, నల్లరంగు వేసి.
స్ప్రింగులు ఒక్క అంగుళం పొట్టి, అంతకు మించొద్దు.
బుష్‌లు రబ్బరువే.

ఏప్రిల్. గరాజు. నా పని లైటు పట్టుకోవడం.

యాభై చలికాలాల ఉప్పు తింది ఆ బోల్టు,
ఆ విశ్వాసం చూపించింది.
నూనె పోశాం, మంట పెట్టాం, బతిమాలాం.
శనివారం పొద్దు గుంకాక కదిలింది.
ఆర్మ్‌కీ ఫ్రేముకీ నడుమ పల్చటి రేకులు,
ముందు రెండు, వెనక మూడు.
ఎవరో ఫ్యాక్టరీలో, ఆకలేస్తున్న ఏ మధ్యాహ్నమో,
లెక్క చూసి దూర్చినవి.
"పారెయ్యకు. కవర్లు తే."
రాశాను: ఎడమ చక్రం, పై ఆర్మ్, ముందు బోల్టు.
చిరునామా రాయడం నాకొచ్చిన ఒకే విద్య.

తర్వాత స్ప్రింగు.
కింద జాకీ, చుట్టూ గొలుసు.
నట్టు వదులు చేసింది గాని తియ్యలేదు,
చివరి నాలుగు మరలూ ఉంచింది.
రెండు సుత్తులు, రెండు వైపులా, ఒకే దెబ్బ.
బాల్ జాయింట్ ఠప్పున ఊడింది.
లైటు వణికింది.
"నా మొహం మీద కాదు ఎమెట్, బోల్టు మీద."
నట్టు తీసి జాకీ దించుతుంటే
స్ప్రింగు నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు సాగింది.
ఆ అరనిమిషం
ఆమె భుజం దాని దారికి పక్కగా ఉందా లేదా,
అదొక్కటే చూశాను.
ఆమె ఈల వేస్తోంది.

కొత్తది ఎక్కించాక సంబరపడి రెంచీ అందుకున్నాను.
చేతి మీద ఒక్కటేసింది.
"గాల్లో వేలాడేటప్పుడు బిగిస్తే
కిందికి దిగాక రబ్బరు మెలిపడి చిరుగుతుంది.
నేల మీద నిలబెట్టు. బరువు పడనీ.
అప్పుడు బిగించు."
ఇది రబ్బరు సంగతేననీ, ఇంకే సంగతీ కాదనీ
నా మొహం చూసి మరో మూడుసార్లు చెప్పింది.

ఎలైన్‌మెంట్ కొట్లో కుర్రాడు కొత్త రేకులు తీయబోతే
నా కవర్లు వాడి ముందు పరిచింది.
ముందు నుంచి ఒకటి తీసి వెనక వేశాడు.
ఎల్మ్ వీధి మీదుగా ఇంటికొచ్చాం.
చర్చి దాటింది, పట్టాలు దాటాయి.
నా మోకాలు మాత్రం అలవాటుగా బిగుసుకుంది.
ఆమె స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసింది.
కారు తిన్నగా పోతూనే ఉంది.
"ఊఁ" అంది. అంతే.

రాత్రి బల్ల సర్దుతుంటే ఒక కవరు మిగిలింది.
లోపల ఒకే ఒక్క వాషర్.
పైన నేనేమీ రాయలేదు.
అంతకాలం ఉద్యోగం చేసినవాణ్ణి,
చిరునామా లేని కవరు నా చేతి మీదుగా!
రోడా దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.
"గడ్డి కోసే మిషనుదిలే" అంది.

కాసేపటికి గరాజు తలుపు చప్పుడు.
"ఎమెట్, ఆ లైటు పట్రా."