పెన్సిల్ గీత

ఆదివారం పొద్దున ఏడుకంతా ఆ ఇంట్లో ఉండల్ల నేను.
శనివారం రాత్రి గ్లాసులన్నీ సింకులో
ఒకదాని మీద ఒకటి పండుకోనుంటాయి.
పదకొండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే
బెళ్ళందూరు చెరువు నురగ కక్కుతా ఉంటాది.

గ్లాసు అడుగు చూస్తే చాలు,
ఎవరు ఎంత వదిలేసినారో తెలుస్తాది నాకు.
ఈ మూడు నెల్లుగా
ఏ అడుగునా చుక్క లేదు.
నిమ్మచెక్కలు కూడా చీకి పెట్టినట్టుండాయి.

పెద్దోళ్ళు అట్ల తాగరు.
పెద్దోళ్ళకు రేపు కూడా ఉంటాది కదా, వదిలేస్తారు.

సారు నన్ను ఒక్క మాట అనలేదు.
అల్మారాలో సీసాకు అంటించిన కాగితం మీద
పెన్సిల్‌తో సన్నంగా గీత గీసి పెట్టినాడు.
నాకు చదువు రాదు.
అది నాకోసరం గీసిన గీతని తెలిసేదానికి
చదువెందుకు?

వారమైనా రెండు వారాలైనా
గీత కాడికి సరిగ్గా ఉండాది సీసా.
సారు మనసు కుదుటపడినట్టుంది,
పాత మిక్సీ ఇచ్చి తీస్కపోమన్నాడు.

రంగు ఎవరూ చూడలేదు.
తేనె మాదిరుండేది టీ మాదిరయింది,
ఇప్పుడు టీ గ్లాసు తొలిచిన నీళ్ళు.

ఆహ్లాద్‌కు పదైదేండ్లు.
బడి నుంచి వచ్చి తలుపు వాడే తీసుకుంటాడు,
రాత్రి తొమ్మిదిదాకా వాడూ ఫ్రిడ్జి చప్పుడూ.
ట్యూషను ఫోన్లో. కూడు ఫోన్లో.
గోడకు అంటించిన మార్కుల కాగితంలో
వాళ్ళమ్మ ఎర్రగా చుట్టిన సున్నాలు.
సాయంత్రమైతే స్టీలు బాటిలు పట్టుకోని టెర్రసెక్కుతాడు.
ఆడ కాలేజీ పిల్లోడొకడు ఉంటాడు,
వాడు నవ్వితేనే మిగతావాళ్ళు నవ్వేది.
వాడు ఇచ్చింది వద్దంటే
రేపట్నుంచి ఆ మెట్లు ఎక్కే పని లేదు.

పోయినేడు పుట్టినరోజుకు
సారే బీరు నురగ వేలితో తీసి
కొడుకు మూతికి పూసినాడు, మీసమొచ్చిందని.
అందరూ నవ్వినారు, ఫోటోలు తీసుకున్నారు.
నేనూ నవ్వినా.
అది దాచిపెడితే తప్పు.

మా రెడ్డెప్పకు మీసం ఎవరూ పూయలేదు.
హోసకోట ఇటుక బట్టీ కాడ
నాయనకు పాకెట్ సారాయి తెచ్చేది వాడే.
మూల పండ్లతో చించి ఇచ్చేవాడు.
తెచ్చినందుకు కూలి,
పాకెట్లో మిగిలిన నాలుగు చుక్కలు.
తొమ్మిదేండ్లు అప్పుడు. నాకు పన్నెండు.
"మగపిల్లోడు, ఏం కాదులే" అనింది అమ్మ,
నేనూ అదే అనుకున్యా.
పద్నాలుగుకు పలక పట్టిన చేత
పచ్చి ఇటుక నిలిచేది కాదు, జారి పగిలేది.
పగిలిన ఇటుకలకు కూలి పట్టుకునేవాడు మేస్త్రి.
ఇరవై నిండలేదు వానికి.
ఇంక ఎక్కువ చెప్పను.

నిన్న శనివారం.
అతిథులు కూర్చున్నారు. సారు ఒక గుటక వేసి
గ్లాసును దీపానికి అడ్డం పెట్టి చూసినాడు.
తర్వాత నా దిక్కు చూసినాడు.
మెల్లిగా అందరూ చూసినారు.
"గీత కాడికి సరిగ్గా ఉండాది సార్" అన్యా.
ఎవరూ నవ్వలేదు.
పిల్లోడు సోఫా వెనక నిలబడి
గోరు కొరుక్కుంటా ఉన్నాడు,
నెత్తురొచ్చేదాకా.

వాని పేరు నా నోటిదాకా వచ్చి నిలబడిపాయ.
చెప్తే దెబ్బలు పడతాయి.
చెప్పకపోతే పని పోతాది నాకు, అది చిన్నది.
గమ్మున వంటింట్లోకి పోయినా.

గ్లాసులు పొద్దున్నే కడగొచ్చు గానీ
అందరూ పోయేదాకా నిలబడి
మిగిలిందంతా సింకులో పోసి, కొళాయి తిప్పి,
వాసన పోయేదాకా తోమినా.
పదకొండున్నర అయింది. బస్సు లేదు.

వాళ్ళమ్మ నీళ్ళకొచ్చింది.
"అమ్మా, రేపు ఒక పూట
పిల్లోని కాడ కూర్చోండి. ఊరికే కూర్చోండి,
చదువు అడగొద్దండి" అన్యా.

ఆమె ఫోను నుంచి తల ఎత్తకుండానే
"రేపు లీవు కావాలా ఓబుళమ్మా?" అనింది.

హాల్లో చీకట్లో
అల్మారా తలుపు కిర్రుమనింది.
"లేదమ్మా," అన్యా గట్టిగా,
ఆ చప్పుడుకు వినపడేటట్టు,
"రేపు కూడా వస్తా."